అంచుల్లో మిగిలే వీధి

హైదరాబాదు సుల్తాన్ బజార్‌లో మల్లెపూలు అమ్మే ఒక పెద్దావిడకు 2023 వేసవిలో ఆమె ఫోటో ఒకటి పెద్దదిగా ప్రింటు వేయించి తీసుకువెళ్ళి ఇచ్చాను. నేను తీసిన వాటిలో నాకు చాలా ఇష్టమైన ఫోటో అది. ఏటవాలుగా పడుతున్న ఉదయపు ఎండ, పళ్ళతో బిగించి పట్టుకున్న దారం, వేళ్ళ మధ్య సగం కట్టిన మాల, వెనుక ఉన్న బజారంతా మెత్తని మసక. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, బాగుందని చెప్పి, పూలగంప పక్కన పెట్టింది. తర్వాత, "ఇది కాదు బిడ్డా. మొన్న ఫోన్ల ఒకటి సూపిచ్చినవ్ గద, కరెంటు స్తంభం, ఎనుక గాజుల దుకాణం బోర్డు, అన్నీ కనవడేది. అది కావాలె. దాని మీద ఏ సంవత్సరందో రాసియ్యి" అన్నది.

ఆమె అడిగిన ఫోటో 2012లో తీసినది. ఆమెకు తప్ప దాన్ని నేను ఇంకెవరికీ చూపలేదు. చూపదగిన ఫోటోగా నాకు తోచలేదు. అందులో ఆమె ముఖం గోరంత కనబడుతుంది. ముందు ఒక స్కూటరు సగం అడ్డుగా ఉంది, పక్కన సబ్బు పెట్టెలూ దువ్వెనలూ పరుచుకున్న ఒక మనిషి ఎటో చూస్తున్నాడు, పైన తీగలు చిక్కుపడి వేలాడుతున్నాయి. అటువంటి ఫోటో ఆమెకు ఎందుకు కావలసివచ్చిందో తర్వాత చెప్పింది. వీధి వ్యాపారుల లెక్క తీసినప్పుడు ఆమె పేరు అందులోకి రాలేదు. పదేళ్ళకు పైగా అదే మూలన కూర్చుంటున్నానని చూపించుకోవడానికి ఆమె దగ్గర కాగితమంటూ ఏదీ లేదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఐదేళ్ళకు ఒకసారైనా సర్వే చేసి వ్యాపారులను గుర్తించాలి. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ చాలాకాలంగా కలుసుకుంటున్న చోటును సహజ మార్కెట్టుగా గుర్తించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. అయితే చాలాకాలం అనే మాటకు రుజువు ఎక్కడ దొరుకుతుంది? ఇంటికి కరెంటు బిల్లు ఉంటుంది, పొలానికి పాసు పుస్తకం ఉంటుంది, ఫుట్‌పాత్ మీద పరిచిన గోనెపట్టాకు ఏమీ ఉండదు.

ఆ ఫోటో ఆమెకు చివరికి ఎంతవరకు పనికివచ్చిందన్నది వేరే సంగతి. నాకు మాత్రం అది ఒక విషయం తేటతెల్లం చేసింది. పన్నెండేళ్ళపాటు వీధుల్లో తిరుగుతూ నేను ఏరి దాచుకున్నవి ఆమెకు అక్కరలేని ఫోటోలు, పక్కకు నెట్టేసినవి ఆమెకు కావలసినవి. వీధిలో మనుషులకు ముందుగా చెప్పకుండా ఫోటో తీయడాన్ని నేను ఇప్పటికీ గట్టిగా సమర్థిస్తాను. కాని ఆ సమర్థన ఫోటో అందంలో లేదని, అది నమోదు కావడంలో ఉందని, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరి మధ్య అన్నది చెప్పలేని ఫోటోకు ఆ హక్కు చాలావరకు పోతుందని ఇప్పుడు నమ్ముతున్నాను. ఈ వ్యాసమంతా ఆ నమ్మకం గురించే.

క్యాండిడ్ అనే మాట ఈ మధ్య మన పెళ్ళిళ్ళ వల్ల ఇంటింటికీ తెలిసింది. అక్కడ అది ఒక ప్యాకేజీ పేరు. పెళ్ళికూతురు ఎటో చూసి నవ్వుతున్నట్టు నిలబెట్టి తీసినదాన్ని కూడా క్యాండిడ్ అనే అంటున్నారు. నేను చెబుతున్నది దాని గురించి కాదు. కెమెరా ఉన్నదని తెలియక, లేదా తెలిసినా పట్టించుకోక, మనిషి తన పనిలో తాను ఉన్నప్పుడు తీసిన ఫోటో గురించి. బేరం ఆడుతున్నప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుంది, బస్సు కోసం నిలబడినవాళ్ళు బరువు ఏ కాలి మీద వేస్తారు, చంకలో బిడ్డతో, చేతిలో సంచితో ఉన్న తల్లి చిల్లర ఎలా లెక్కపెడుతుంది అన్నవి ఇంకే రకమైన ఫోటోలోనూ ఉండవు.

మా నాన్న తెనాలిలో ఒక బట్టల దుకాణం అరుగు మీద మిషను పెట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా బట్టలు కుట్టాడు. ఆయనవి మా ఇంట్లో నాలుగు ఫోటోలు ఉన్నాయి. ఒకటి పెళ్ళినాటిది, ఒకటి స్టూడియోలో రంగుల తెర ముందు అమ్మతో, నాతో తీయించుకున్నది, ఒకటి రేషను కార్డుకు తీసినది. నాలుగోది ఆయన పోయిన తర్వాత ఆ కార్డు ఫోటోనే పెద్దది చేయించి గంధపు దండ వేసినది. మెడలో టేపుతో, చెవి వెనుక సుద్దముక్కతో, కాలు తొక్కుడు మీద ఆడిస్తూ, నోట్లో దారం తడిచేసి సూదిలోకి ఎక్కిస్తున్న మనిషి ఒక్క ఫోటోలోనూ లేడు. నా జ్ఞాపకంలో ఆయన ఎప్పుడూ అలాగే ఉంటాడు. నా కూతురికి చూపించడానికి మాత్రం కోటు వేసుకుని బిగుసుకుని నిలబడిన పెద్దమనిషి తప్ప ఎవరూ లేరు. మన దేశంలో కోట్ల కుటుంబాల పరిస్థితి ఇదే. శుభకార్యాలకు ఫోటో ఉన్నది, ప్రభుత్వానికి చూపించవలసిన ముఖానికి ఫోటో ఉన్నది. బతుకులో నూటికి తొంభై పాళ్ళు గడిచిన పనికీ, నడకకీ, ఎదురుచూపుకీ ఫోటో లేదు.

దీనికి కొంత కారణం సాంకేతికమైనది. 1838లో, ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్ళలో ఒకడైన డాగేర్ పారిస్‌లో తన కిటికీ నుంచి బులవార్ దు తాంప్ల్ అనే వీధిని పలక మీదికి ఎక్కించాడు. ఆ వీధి బళ్ళతో, మనుషులతో నిండి ఉండే వీధి. వెలుతురు పలక మీద పనిచేయడానికి నిమిషాలు పట్టడం వల్ల కదులుతున్నవన్నీ మాయమై, వీధి పాడుబడినట్టు నిర్మానుష్యంగా వచ్చింది. స్పష్టంగా మిగిలినది ఒక మూల బూట్లు తుడిపించుకుంటూ కాలు పైకి పెట్టి నిలబడిపోయిన మనిషి, అతని ముందు వంగిన మరో ఆకారం. ఫోటోలోకి ఎక్కిన తొలి మనుషుల్లో ఒకరుగా చెప్పే ఆయనకు తన ఫోటో తీస్తున్నారని తెలియదు. ఆయన అందులో మిగిలింది గొప్పవాడై కాదు, ఎవరో తన బూట్లు తుడుస్తున్నంతసేపు కదలకుండా ఉన్నందువల్ల. ఆ వీధిలో పని చేస్తూ, నడుస్తూ ఉన్న మిగతా జనమంతా చెరిగిపోయారు. ఫోటోగ్రఫీ చరిత్రలో మొదటి వంద సంవత్సరాలు సామాన్యులకు జరిగినది దాదాపు ఇదే.

మన హైదరాబాదు సంగతి చూస్తే, రాజా దీన్‌దయాళ్ 1880ల నుంచి సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. ఆయన పనితనం అసాధారణమైనది. ఆ నెగటివుల్లోని వివరం చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఆయన మనకు మిగిల్చినవాటిలో దర్బార్లు, వేటలు, కవాతులు, మహళ్ళు, నవాబుల కుటుంబాలు ఎక్కువ. అది ఆయన లోపం కాదు. మూడుకాళ్ళ మీద నిలబెట్టవలసిన పెద్ద కెమెరా, గాజు పలకలు, డబ్బు చెల్లించే ప్రభువులు ఉన్నచోట ఇంకొకటి జరగదు. చిన్న కెమెరా వచ్చాకే వీధి కెమెరాలోకి వచ్చింది. సినిమా ఫిల్మును వాడుకునే లైకా 1925లో మార్కెట్లోకి వచ్చాక, కోటు జేబులో పట్టే యంత్రంతో నడుస్తూ తీయడం సాధ్యమైంది.

అయినా నాకు గురువు అనిపించేవాడు లైకా పట్టినవాళ్ళలో లేడు. యూజీన్ అట్జే పాత బరువైన కెమెరాతోనే, 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు గల గాజు పలకల మీద మూడు దశాబ్దాలపాటు పారిస్‌ను తీశాడు. నాటకాల్లో వేషాలు వేసి, అది సాగక ఫోటోలకు వచ్చిన మనిషి. తలుపు మీద తాను కళాకారుడనని రాసుకోలేదు, కళాకారులకు కావలసిన పత్రాలు ఇక్కడ దొరుకుతాయని రాసుకున్నాడు. కొత్త రోడ్ల కోసం కూల్చివేస్తున్న పాత సందులు, దుకాణాల గవాక్షాలు, మెట్ల కమ్మీలు, దీపాల మీది తొడుగులు అమ్ముకునేవాళ్ళు, చిత్తుగుడ్డలు ఏరుకునేవాళ్ళు అందరినీ తీశాడు. అప్పటి యంత్రంతో ఆ వ్యాపారుల్ని నిలబెట్టే తీయవలసి వచ్చింది కాబట్టి వాటిని క్యాండిడ్ అనలేము. కాని ఆయన బుద్ధి నేను చెబుతున్న బుద్ధే. 1920లో 2,621 నెగటివులను ఫ్రెంచి ప్రభుత్వానికి 10,000 ఫ్రాంకులకు అమ్మాడు. 1912లో గ్రహణం చూడడానికి వీధిలో మెడలెత్తి నిలబడిన జనాన్ని తీసిన ఆయన ఫోటోను 1926లో అధివాస్తవికులు (సర్రియలిస్టు కళాకారులు) తమ పత్రిక అట్ట మీద వేసుకోవడానికి అడిగితే, తన పేరు వేయవద్దన్నాడు, అవి తాను తయారుచేసే పత్రాలు మాత్రమే అన్నాడు. మరుసటి ఏడాది పోయాడు. బెరెనిస్ అబట్ అనే అమెరికన్ యువతి ఆయన దగ్గర మిగిలిన పలకలను, ప్రింట్లను కొని కాపాడకపోతే అందులో ఎంత మిగిలేదో చెప్పలేము. పత్రం అన్న ఆ మాట నాకు చాలా విలువైనది. అందంగా ఉన్నందుకు పారిస్ వాటిని దాచుకుంది అనుకుంటాం గాని, కూలిపోయిన ఇంటి గుమ్మం ఎలా ఉండేదో ఇంకెక్కడా దొరకదు కాబట్టి కూడా దాచుకుంది.

ఇక అందరూ చెప్పే నిర్ణయాత్మక క్షణం గురించి. ఫ్రెంచి ఫోటోగ్రాఫరు ఆన్రి కార్తియే బ్రెసాఁ 1952లో వేసిన పుస్తకానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు అది. ఒక సంఘటన అర్థమూ, దాని ఆకారమూ ఒక్క తృటిలో కలిసే చోటును పట్టుకోవడమే ఫోటో అన్న సిద్ధాంతం ఆ పేరుతోనే ప్రపంచమంతా పాకింది. ఫ్రెంచిలో ఆ పుస్తకం పేరు వేరు. దాన్ని తెలుగులో చెప్పాలంటే చాటుగా, పరుగుమీద తీసిన బొమ్మలు అనాలి. ఫ్రెంచివాళ్ళు ఆ మాటను అనుమతి లేకుండా వీధిలో సరుకు పరిచి, పోలీసు కనబడగానే మూట కట్టుకుని పారిపోయే చిల్లర వ్యాపారుల అమ్మకానికి వాడతారు. కోఠిలో మున్సిపాలిటీ బండి వస్తున్నదని కేక వినబడగానే నాలుగు కొసలూ పట్టుకుని దుప్పటిని మూటగా లేపే కుర్రవాళ్ళను చూసినవాళ్ళెవరికైనా ఆ పేరు ఇంగ్లీషు పేరుకంటే ఎంత నిజమైనదో అర్థమవుతుంది. ఫోటోగ్రాఫరు కూడా వీధిలో పరాయి చోటును కాసేపు వాడుకుని పోయేవాడే అన్న ఎరుక అందులో ఉన్నది. ఇంగ్లీషు పేరులో ఆ ఎరుక పోయి, క్షణాన్ని జయించిన వీరుడు మిగిలాడు.

ఆ వీరుడి వెంట పడి మన దగ్గర వీధి ఫోటోగ్రఫీ దారి తప్పిందని నా అభిప్రాయం. పోటీలకు వచ్చే ఫోటోలను వరసగా చూడండి. ముడతలు పడిన ముసలి ముఖాలు, పొగలో నుంచి వచ్చే సూర్యకిరణాలు, చార్మినార్ మీద ఎగిరే పావురాలు, నీటిగుంటలో తలకిందులైన మనిషి. వాటిలో చాలావాటిని ఏ ఊళ్ళో తీశారో చెప్పలేము, ఏ దశాబ్దంలో తీశారో కూడా చెప్పలేము. కాలాతీతం అని వాటిని మెచ్చుకుంటారు. వీధి అనేది కాలానికి కట్టుబడినది. ఇవాళ కిలో టమాటా ధర రాసిన పలక, గోడ మీది సినిమా పోస్టరు, ఆటో వెనుక రాసిన పేరు, ఆడవాళ్ళు వేసుకున్న చెప్పుల రకం అన్నీ దాన్ని ఒక రోజుకు కట్టి ఉంచుతాయి. వెనుక భాగాన్ని మసక చేసి, తేదీని చెరిపేసి, ముఖాన్ని మాత్రం మిగిల్చిన ఫోటో ఆ మనిషిని ఆమె చోటు నుంచి కూడా లేపేసినట్టే. పూలమ్మే ఆవిడకు నేను చేసినది అదే. ఆమెను ఖాళీ చేయించడానికి వచ్చేవాళ్ళు చేసేదీ ఒక విధంగా అదే అని అనుకున్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

తర్వాత నా పాత హార్డు డిస్కులన్నీ బయటికి తీసి ఒక చివర నుంచి చూడడం మొదలుపెట్టాను. మొజంజాహీ మార్కెట్టు నుంచి కోఠి మీదుగా సుల్తాన్ బజార్ దాకా ఉన్న కిలోమీటరున్నర దారిని నేను 2011 నుంచి దాదాపు ప్రతి నెలా నడుస్తున్నాను. బాగాలేవని పక్కన పెట్టిన ఫోటోల్లో నాకు కనబడినవి ఇవి: ఇప్పుడు మెట్రో స్తంభాలు ఉన్నచోట అప్పటి ఆకాశం. సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వెళ్ళకూడదని దుకాణదారులు కట్టిన బ్యానర్లు. స్తంభాలు లేచిన సంవత్సరాలు, రేకులు అడ్డుపెట్టిన రోడ్డు, ఆ రేకుల సందులోంచే సాగిన బేరాలు. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా రైలు మొదలైనప్పుడు తలలు పైకెత్తి చూసిన జనం, నెలన్నర తిరగకముందే మూతపడిన అదే వీధి. ఒక్క చోట నిలబడి తీసిన పది ఫోటోల్లో నీడ ఎలా మారిందో కనబడుతున్నది. ఎండ కోసం గొడుగు పాతుకునే చెప్పుల వ్యాపారి 2019 తర్వాతి ఫోటోల్లో గొడుగు లేకుండా మెట్రో నీడలో కూర్చున్నాడు. ఈ సంగతిని ఏ ప్రాజెక్టు నివేదికా రాయదు. నేనూ తీసేటప్పుడు గమనించలేదు.

2016 నవంబరువి మరీ విచిత్రం. ఆ నెల 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించిన తర్వాతి వారాల్లో ఏటీఎంల ముందు నిలబడిన వరసలను నేను వార్తాపత్రికల ఫోటోగ్రాఫర్లకు వదిలేసి, నా మామూలు దారిలో మామూలు ఫోటోలు తీసుకున్నాను. ఇప్పుడు చూస్తే వాటి వెనుక భాగంలో అంతా అదే ఉన్నది. జామకాయల బండి మీద ఎవరిదో చేతిరాతతో చిల్లర లేదు అన్న అట్టముక్క. దుకాణం మెట్ల మీద ఖాళీగా కూర్చున్న ముగ్గురు పనివాళ్ళు. అంతకుముందు నెలదాకా నిలబడడానికి చోటుండని గాజుల సందులో కనబడుతున్న నేల. ఆ తర్వాతి ఏళ్ళ ఫోటోల్లో అదే జామకాయల బండికి ముందు ఒక క్యూఆర్ కోడ్ కాగితం, తర్వాత ప్లాస్టిక్ పలక, ఆ తర్వాత డబ్బు పడగానే చదివి వినిపించే చిన్న పెట్టె. ఒక దేశపు ఆర్థిక చరిత్ర జామకాయల బండి ముందు భాగంలో ఇంత వివరంగా నమోదైందంటే అందులో నా తెలివి ఏమీ లేదు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను, కొంచెం వెడల్పుగా తీశాను, అదే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాను, అంతే.

వరంగల్లుకు చెందిన భరత్ భూషణ్ గారు ఇటువంటి ఓపికతోనే తెలంగాణ పల్లెలను, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళను, ఇళ్ళ దర్వాజాలను దశాబ్దాలపాటు ఫోటోల్లోనూ కుంచెతోనూ నమోదు చేశారు. 2022లో ఆయన పోయినప్పుడు చాలామందికి గుర్తుకు వచ్చినది ఏదో ఒక గొప్ప ఫోటో కాదు, ఆ మొత్తం రాశి.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. ఒక మనిషిని అడగకుండా ఫోటో తీయడం తప్పు కాదా? బహిరంగ స్థలం కాబట్టి హక్కు ఉన్నది అన్న జవాబు మామూలుగా వినబడుతుంది. నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. మన నగరాల్లో వీధి అందరికీ ఒకే అర్థంలో బహిరంగం కాదు. ఇల్లున్నవాడికి వీధి బయట. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి అదే పడకగది, పంపు దగ్గర స్నానం చేసేవాడికి అదే స్నానాలగది. ఇంట్లో మాట్లాడుకోవడానికి చోటులేని ప్రేమికులకు ట్యాంక్‌బండ్ మీది సిమెంటు బెంచీ ఒక్కటే ఏకాంతం. 2014లో అటువంటి ఒక జంటను వెనుక నుంచి, నీటి మీది వెలుతురులో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. ముఖాలు కనబడవు కదా అనుకున్నాను. చున్నీనీ, సంచినీ బట్టి ఆ అమ్మాయిని ఇంట్లోవాళ్ళు పోల్చుకున్నారని, ఆమెను కాలేజీ మాన్పించే మాట నడుస్తున్నదని ఆమె స్నేహితురాలు నాకు రాసింది. వెంటనే తీసేశాను, డిస్కులోంచి కూడా తొలగించాను. తర్వాత ఏమైందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తప్పు నాదే. చట్టం ప్రకారం నేను బహుశా ఏ నేరమూ చేయలేదు అన్న మాట ఆ తప్పును ఏమాత్రం తగ్గించదు.

న్యాయస్థానాలు కూడా దీని మీద ఒకే మాట చెప్పలేదు. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ళ అమ్మాయి ఫోటోను అడగకుండా తీసి ఒక పత్రిక వేస్తే, 1998లో కెనడా సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచి 2,000 డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. ఫోటో తీసిన చోటు బహిరంగమే అయినా ఆమె బొమ్మ ఆమెదే అన్నది. న్యూయార్కులో దీనికి ఎదురుగా జరిగింది. టైమ్స్ స్క్వేర్‌లో దారిన పోయేవాళ్ళ మీద దూరం నుంచి ఫ్లాషు వేసి ముఖాలను తీసిన ఫిలిప్ లోర్కా డికోర్సియా మీద, తన ముఖాన్ని అమ్మడం తన మతవిశ్వాసానికి విరుద్ధమంటూ ఒక పెద్దమనిషి వేసిన దావాను 2006లో కోర్టు కొట్టివేసింది. కళ భావప్రకటనలో భాగమన్నది. మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చినప్పుడు, మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంతమాత్రాన గోప్యత పూర్తిగా పోదని కూడా చెప్పింది. నా మనసు మాంట్రియల్ అమ్మాయి వైపే మొగ్గుతుంది. అయితే ఆ తీర్పును అక్షరాలా పాటిస్తే వీధి నమోదు దాదాపు ఆగిపోతుందని కూడా నాకు తెలుసు.

ఎందుకంటే ముందే అడిగితే ఫోటో వేరేది అవుతుంది. కెమెరా ఎత్తి, తీయవచ్చా అని అడగగానే మన మనుషులు కొంగు సర్దుకుంటారు, జుట్టు దువ్వుకుంటారు, చేతిలో పని పక్కన పెట్టి చేతులు రెండూ కిందికి చాచి నిటారుగా నిలబడతారు. ఆ నిలబడే తీరులో గొప్ప మర్యాద ఉన్నది, దాన్ని తక్కువ చేయను, అలా నిలబడినవాళ్ళ ఫోటోలు కూడా భక్తిగా తీస్తాను. కాని అవి మా నాన్న రేషను కార్డు ఫోటో వంటివి. పని మాయమవుతుంది, పక్కవాడితో ఉన్న సంబంధం మాయమవుతుంది, వీధి మాయమవుతుంది.

అందువల్ల నేను తీసిన తర్వాత అడుగుతాను. ఇందులో ఒక చిక్కు ఉన్నది. చెప్పులు, కెమెరా, చదువు ఉన్న మగవాడు వచ్చి అడిగితే గంప ముందు కూర్చున్న మనిషి వద్దని చెప్పడం తేలిక కాదు. మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం మనకు అలవాటు. దీనికి నాకు దొరికిన ఉపాయం కనబడేలా ఉండడం. దూరం నుంచి లాగే పొడవాటి లెన్సు నేను వాడను. 35 మిల్లీమీటర్ల లెన్సుతో మనిషి ఫ్రేములో సరిగ్గా ఇమడాలంటే ఐదారు అడుగుల దూరంలో నిలబడాలి. అంత దగ్గర ఉన్నవాణ్ణి ఎవరైనా చూడవచ్చు, కసరవచ్చు, చెయ్యి అడ్డం పెట్టవచ్చు. నన్ను చూడగలిగినవాళ్ళకు నన్ను కాదనే వీలు ఉంటుంది. రెండో ఉపాయం అదే దారిలో నడవడం. ఒక్కసారి వచ్చి పోయేవాడికి ఎవరూ ఎదురు చెప్పరు. ప్రతి నెలా వచ్చేవాణ్ణి, పోయినసారి తీసిన ప్రింటు తెచ్చి ఇచ్చేవాణ్ణి మాత్రం మందలిస్తారు. "నిన్న మా తమ్ముడు పోయిండన్నా, ఇయ్యాల వద్దు" అని మామిడిపండ్ల బండి అతను నాతో అన్నాడంటే, అది నాకు దొరికిన అనుమతులన్నిటికంటే విలువైనది.

పడుకున్నవాళ్ళను, స్నానం చేస్తున్నవాళ్ళను, ఏడుస్తున్నవాళ్ళను, తాగి పడిపోయినవాళ్ళను, జంటలను తీయను. ఒంటరిగా ఉన్న యువతిని ఫ్రేముకు కేంద్రంగా చేసి అడగకుండా తీయను. మన వీధుల్లో తెలియని మగవాడి చేతిలోని కెమెరా గురించి ఆడవాళ్ళు భయపడడానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి. ఈ నియమం వల్ల నష్టం కూడా ఉన్నది. నా డిస్కుల్లో ఉన్న వీధి నిజమైన వీధికంటే మగవీధి. ఆడవాళ్ళు గుంపులో, అంచుల్లో, బేరాల మధ్య కనబడతారు గాని, ఒంటరిగా నడిచే తీరు, ఆఫీసు విడిచాక బస్టాపులో నిలబడే అలసట నా దగ్గర లేవు. వాటిని తీయవలసినది ఆడవాళ్ళే. తీస్తున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఫోటోలు లేకుండా హైదరాబాదు వీధి చరిత్ర అంటూ ఎవరు ఏది కూర్చినా అది సగమే.

స్తంభాల మీది కెమెరాలన్నీ తీస్తూనే ఉండగా మళ్ళీ మనుషులు తీయడం ఎందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. రాష్ట్ర విభజనకు ముందు 2013లోనే వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం ఒకేసారి వందమంది చేరే సంస్థలు కెమెరాలు పెట్టాలి, ఆ దృశ్యాలను 30 రోజులు ఉంచాలి. అంటే అది మనుషులను గుర్తుపట్టడానికి చూస్తుంది, గుర్తుపెట్టుకోవడానికి చూడదు. నెల తిరగగానే చెరిపేస్తుంది. అందులో ఉన్న మనిషికి తన బొమ్మను చూసుకునే వీలు లేదు. 2021లో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాదులో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని అడిగి, ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీసుకున్నందుకు, ముఖాన్ని గుర్తించే యంత్రాల వాడకం మీద ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. ఆ ఫోటోకూ నా ఫోటోకూ తేడా ఉండాలంటే అది మాటల్లో ఉంటే చాలదు. నా ఫోటో అందులోని మనిషికి తిరిగి చేరాలి, అతనికి పనికిరావాలి, వద్దంటే పోవాలి. ముఖాలను యంత్రాలు సులువుగా ఏరుకోగల ఈ కాలంలో నేను వీధి ఫోటోలను పూర్తి సైజులో ఇంటర్నెట్‌లో పెట్టడం మానేశాను. దాచడం వేరు, పంచడం వేరు. నమోదు అనేది యాభై ఏళ్ళ తర్వాతి పాఠకుడి కోసం. ఆదివారం తీసినదాన్ని ఆదివారం రాత్రికే లోకానికి చూపాలన్న తొందర దానికి అక్కరలేదు.

దాచడం మాత్రం తేలిక కాదు. నా డిస్కుల్లో ఒకటి 2018లో పాడై ఎనిమిది నెలల ఫోటోలు పోయాయి. అప్పటి నుంచి మూడు చోట్ల ఉంచుతున్నాను, ఏడాదికి రెండు వందల ఫోటోలను కాగితం మీద ప్రింటు వేయిస్తున్నాను. కాగితం మీద నమ్మకం నాకు వేటపాలెం నుంచి వచ్చింది. 1918లో మొదలైన అక్కడి సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను దశాబ్దాల తరబడి అట్టే పెట్టింది కాబట్టి, ఒక ఊరి గ్రంథాలయానికి పరిశోధకులు దూరాల నుంచి వస్తారు. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత పుస్తకాలకు, పత్రికలకు అటువంటి ఆశ్రయం ఇచ్చింది. వీధి ఫోటోలను కూడా అలాగే తీసుకునే చోట్లు మనకు కావాలి. ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఒక బీరువా చాలు. తమ ఊరి బజారును పాతికేళ్ళుగా తీస్తున్నవాళ్ళు నరసరావుపేటలోనూ ఉంటారు, కరీంనగర్‌లోనూ ఉంటారు. వాళ్ళు పోయాక పిల్లలు ఆ డిస్కులను పాతసామాన్లవాడికి వేసేలోపు ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి.

అడిగి తెచ్చుకున్నా, వివరం రాయని ఫోటో సగం చచ్చినదే. ఎవరు తీశారన్నదానికంటే ఏ రోజు, ఏ వైపు నుంచి, వెనుక ఉన్నది ఏ దుకాణం అన్నది ముఖ్యం. నేను ఇప్పుడు కెమెరాలోంచి దించుకున్న రోజు రాత్రే కూర్చుని రాస్తున్నాను. ఒక నడకకు ముప్పై ఫోటోలకు మించి ఉంచుకోను. ఒక్కొక్కదానికి నాలుగు వాక్యాలు. మనుషుల పేర్లు ఆ పుటలో ఉండవు, విడిగా ఒక నోటు పుస్తకంలో, వాళ్ళు ఇష్టపడితేనే. మొన్నటి ఆదివారం ఆబిడ్స్‌లో తీసిన ఒక మామూలు ఫోటోకు రాసుకున్నది ఇలా ఉన్నది:

ఉదయం తొమ్మిదిన్నర, మబ్బు. మూసి ఉన్న బట్టల దుకాణం షట్టరు ముందు పాత పుస్తకాల వరస, ఎడమ నుంచి మూడో పట్టా. పోటీ పరీక్షల గైడ్లు ముందు వరసలోకి వచ్చాయి, నవలలు వెనక్కి పోయాయి, పోయిన ఏడాది ఇదే పట్టా మీద దీనికి తారుమారుగా ఉండేవి. కుడి అంచున కనబడుతున్న చెయ్యి టీ గ్లాసు అందిస్తున్న కుర్రవాడిది, ఫోటో చూపించాను, తన ముఖం పడలేదని నవ్వి, వచ్చే వారం మళ్ళీ తీయమన్నాడు.